చెన్నై తీరంలో క్లబ్ కయాక్ ట్రిప్ ఎలా నడపాలి: ఒడ్డెక్కే చోటు నుంచి మొదలుపెట్టండి

కయాకింగ్ క్లబ్బులో ఒకటి రెండేళ్ళు తిరిగాక ఎవరో ఒకరు మీ నెత్తిన పెట్టేస్తారు, "ఈసారి సముద్రం ట్రిప్ మీరు చూసుకోండి" అని. చూసుకోవడమంటే వాట్సాప్ గ్రూపులో తేదీ పెట్టడం, వస్తామన్నవాళ్ళ పేర్లు రాసుకోవడం, తెల్లారకముందే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ఏదో టీ కొట్టు దగ్గర కలవడం, అంతే అనుకుంటారు చాలామంది. చెరువులో అయితే అంతే. అక్కడ అలిసిపోతే ఏ గట్టుకైనా చేరొచ్చు. ఇక్కడ తీరం పొడవునా ఇసుకే కనిపిస్తుంది గానీ, కయాక్‌తో సహా దెబ్బ తగలకుండా ఆ ఇసుక మీదికి రాగలిగే చోట్లు తక్కువ. సముద్రంలోకి వెళ్ళడం ఎవరైనా వెళ్తారు, ప్లాన్ అంతా బయటికి రావడం గురించే.

నేను చెప్పేది ఆరుగురి నుంచి పదిమంది దాకా ఉండే గుంపుకి, ఒక పూట ట్రిప్‌కి, చెన్నైకి దక్షిణాన కోవళం నుంచి మహాబలిపురం మధ్య తీరానికి. ఉత్తరం వైపు ఎందుకు కాదంటే, కాసిమేడు దాటాక రాయపురం నుంచి ఎన్నూరు దాకా ఒడ్డంతా కోత ఆపడానికి పోసిన బండరాళ్ళు, వాటి తర్వాత ఎన్నూరు, కాట్టుపల్లి పోర్టులకి వచ్చిపోయే ఓడలు. కొత్తవాళ్ళతో అటు పోవాల్సిన పనే లేదు.

ముందు చేరే చోటు

మ్యాప్ తెరవగానే అందరి వేలూ బయలుదేరే చోటు మీద పడుతుంది. మీరు చేరే చోటు ముందు ఖాయం చెయ్యండి. అక్కడ అల ఎలా విరుగుతోంది, నీళ్ళ కింద రాళ్ళున్నాయా, కారు ఎంత దగ్గరికి వస్తుంది అన్నవి తెలియాలి. వీటిలో మొదటిది ఏ శాటిలైట్ బొమ్మా చెప్పదు, ట్రిప్‌కి వారం ముందు ఒక పొద్దున వెళ్ళి అరగంట నిలబడి చూడాల్సిందే. ఇసుక నెమ్మదిగా వాలుతూ లోపలికి పోయే చోట అల దూరం నుంచే విరుగుతూ, నురగై, బలం తగ్గి వస్తుంది. అది మనిషిని తడుపుతుంది, పడేస్తుంది, పెద్దగా హాని చెయ్యదు. ఒడ్డు ఒక్కసారిగా లోతుకి దిగిపోయే చోట మాత్రం అల చివరిదాకా లేచి వచ్చి నేరుగా ఇసుక మీద కూలుతుంది. అక్కడ నడుమెత్తు అల చాలు, పాతిక కిలోల కయాక్‌ని ఎత్తి మీ మోకాళ్ళ మీద పడేయడానికి. మన తీరంలో ఈ రెండో రకం ఒడ్డు చాలా చోట్ల ఉంది.

మెరీనా, ఎలియట్స్ బీచ్ గురించి ఆలోచించకండి. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీసినవి, పోలీసులు నీళ్ళలోకి దిగనివ్వరు, దిగనివ్వకపోవడమే మంచిది. కోవళం బాగుంటుంది. అక్కడ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ ఉంది, టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. గుంపులో ఆడవాళ్ళున్నప్పుడు ఈ సంగతి మొదటే చూసుకోవాలి, తర్వాత గుర్తొచ్చే విషయం కాకూడదు. మహాబలిపురంలో అయితే తీర దేవాలయానికి ఉత్తరాన పడవలు లాగే ఇసుక వైపు చేరండి. గుడి ఎదురుగా ఫోటో బాగా వస్తుందని అటు పోవద్దు, అక్కడ నీళ్ళ కింద బండలున్నాయి, గుడిని కాపాడటానికి పోసిన రాళ్ళూ ఉన్నాయి. మహాబలిపురం దాటి ఇంకా దక్షిణానికి పోతే కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రం వస్తుంది, కాబట్టి ట్రిప్ అక్కడికి ముందే ఆగాలి.

కోవళం నుంచి మహాబలిపురానికి నీళ్ళ మీద దాదాపు 20 కిలోమీటర్లు. మధ్యలో అవసరమైతే ఎక్కడ బయటపడతారో కూడా ముందే గుర్తు పెట్టుకోవాలి: వడనెమ్మేలి మొసళ్ళ పార్కు ఎదురుగా, పట్టిపులం దగ్గర, సాళువన్‌కుప్పం పులి గుహ దగ్గర. ప్రతి చోటుకీ కారెక్కి వెళ్ళి, రోడ్డు నుంచి ఒడ్డుదాకా దారి ఉందో లేదో చూసి, లొకేషన్ ఫోన్‌లో దాచుకోండి. నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్ ఉంది, అక్కడి కట్టడాలకి దూరంగా బయటి నుంచి తిరిగి వెళ్ళాలి, అది ఒడ్డెక్కే చోటు కాదు.

మొదటిసారి నడిపేవాళ్ళు 20 కిలోమీటర్లు పెట్టుకోవద్దు. పట్టిపులం నుంచి మహాబలిపురం చాలు, అందులో సగం కూడా ఉండదు.

ఏ నెలలో ఎటు వైపు

ఇక్కడ చాలా క్లబ్బులు కారు ఎక్కడ పెట్టాలి అన్నదాన్ని బట్టి దిక్కు ఎంచుకుంటాయి, గాలిని బట్టి కాదు. మన తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా నిటారుగా ఉంటుంది. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఒడ్డు వెంట నీరు ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో తిరగబడి ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. నమ్మకం లేకపోతే మెరీనానే చూడండి. 19వ శతాబ్దం చివర్లో పోర్టు గోడలు కట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసుక వాటికి అడ్డుపడి పేరుకుపోయింది, అంత వెడల్పు బీచ్ అలా వచ్చింది, అటు పక్క రాయపురానికి ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. అంత ఇసుకని మోసే నీటికి ఎదురు తెడ్డు వేసి లాభం లేదు. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో కోవళం నుంచి మహాబలిపురానికి వెళ్ళండి, వేసవి మొదలయ్యాక మహాబలిపురం నుంచి కోవళానికి రండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ట్రిప్పులు వద్దు. వార్దా తుపాను 2016 డిసెంబర్‌లో వచ్చింది, మిచాంగ్ తుపాను 2023 డిసెంబర్‌లో వచ్చింది. తుపాను లేని రోజు కూడా ఆ నెలల్లో అల గలిబిలిగా, అన్ని వైపుల నుంచీ వస్తుంది. జనవరి చివర నుంచి మార్చి దాకా అన్నిటికంటే మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో నీరు బాగానే ఉంటుంది, ఎండే చంపుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ట్రాలర్ల గోల ఉండదు, చిన్న పడవలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఒక మోసం ఉంది, ఇది కొత్తవాళ్ళందరికీ విడమరిచి చెప్పండి. ఆ నెలల్లో పొద్దున గాలి పడమటి నుంచి, అంటే నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. అందువల్ల ఒడ్డు దగ్గర నీరు నున్నగా, అద్దంలా కనిపిస్తుంది. "ఇంత ప్రశాంతంగా ఉందేంటి" అని అందరూ సంబరపడి లోపలికి పోతారు. ఒడ్డు నుంచి దూరం పెరిగేకొద్దీ గాలి బలం తెలుస్తుంది, అప్పటికి వెనక్కి రావడమంటే దానికి ఎదురు లాగడమే. ఒకరికి ఓపిక అయిపోయిందంటే ఆ మనిషి అండమాన్ దారి పట్టినట్టే. నేల గాలి ఉన్న రోజు ఒడ్డుకి 200 మీటర్ల లోపే, అలలు విరిగే గీతకి కాస్త అవతలగా ఉండండి, గాలి 8 నాట్లు దాటితే వెళ్ళకండి.

మధ్యాహ్నం సంగతి వేరు. దాదాపు పన్నెండింటి వేళకి సముద్రపు గాలి తిరుగుతుంది, ఒంటిగంటకల్లా నీళ్ళ మీద తెల్లటి నురగలు లేస్తాయి. గుంపు నడక గంటకి 5 కిలోమీటర్లు, ఆగడాలు కలుపుకుంటే నాలుగే. పదకొండుకి ఒడ్డున ఉండాలంటే ఎన్నింటికి బయలుదేరాలో వెనక నుంచి లెక్క వేసుకోండి. అందుకే తెల్లవారుజామున ఐదింటికి కలవాలి అంటాం, అంతేగాని సూర్యోదయం ఫోటోల కోసం కాదు.

ముందు రోజు సాయంత్రం ఐదు

ట్రిప్ ఉందో లేదో ముందు రోజు సాయంత్రం ఐదుకల్లా తేల్చేయాలి. ఎందుకు ఐదు? బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు ఆఫీసు అయ్యాక కారెక్కుతారు, 350 కిలోమీటర్లు రాత్రంతా నడుపుకుని వచ్చినవాళ్ళకి పొద్దున ఇసుక మీద "ఈరోజు లేదు" అని చెప్పడం ఎంత కష్టమో, చెప్పినా వాళ్ళు ఎంత బతిమాలతారో అందరికీ తెలుసు. వాళ్ళు ఎక్కకముందే చెప్పేయండి. ఇంకో మాట, రాత్రంతా నడిపి నేరుగా నీళ్ళలోకి దిగుతానంటే ఒప్పుకోవద్దు, కనీసం నాలుగైదు గంటలు పడుకుంటేనే రమ్మనండి.

చూడాల్సింది ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి అంచనా. మన హైదరాబాద్‌లో ప్రగతి నగర్ పక్కన ఉన్న కేంద్ర సంస్థ అది, సముద్రం ఊసే లేని ఊళ్ళో కూర్చుని దేశంలోని జాలర్లందరికీ అల ఎత్తు చెబుతుంది. దాంతోపాటు చెన్నై వాతావరణ కేంద్రం జాలర్లకి ఇచ్చే హెచ్చరిక. ఫోన్‌లో గాలి యాప్‌లు ఏవైనా చూడండి, కానీ వాటిలో రెండు వేర్వేరు లెక్కలు చెబుతుంటే చెడ్డదాన్నే నమ్మండి.

చాలామంది అల ఎత్తు మాత్రమే చూసి వదిలేస్తారు. పక్కన సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది, ఒక అలకీ ఇంకో అలకీ మధ్య సమయం అది. ఒక మీటరు అల, 6 సెకన్లు అంటే దగ్గర గాలికి పుట్టిన చిన్న గలిబిలి. అదే ఒక మీటరు, 13 సెకన్లు అంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను గాలికి పుట్టి వేల కిలోమీటర్లు వచ్చిన అల. లోతు నీళ్ళలో మీ కింద నుంచి మెల్లగా పోతుంది, తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడుతుంది. అంటే బయలుదేరి తిరిగినంతసేపూ హాయిగా ఉండి, ఒడ్డెక్కేటప్పుడు దెబ్బ కొట్టేది ఇదే. కొత్తవాళ్ళున్న గుంపుకి నా హద్దు: గాలి 10 నాట్లు, అంటే గంటకి 18 కిలోమీటర్లు, అల ఒక మీటరు లోపు, 10 సెకన్లు దాటితే ఎత్తు ఇంకా తక్కువ ఉండాలి. పోటు పాటుల టెన్షన్ మనకి తక్కువ, చెన్నైలో పెద్ద పోటుకి కూడా తేడా దాదాపు మీటరే.

ఇంత చూశాక కూడా పొద్దున ఒడ్డున ఫైబర్ పడవలన్నీ ఇసుక మీదే ఉండి, మనుషులు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే, యాప్ ఏం చెప్పినా ట్రిప్ లేదు. వెళ్ళి "అన్నా" అని పిలిచి అడగండి. తమిళం సరిగా రాకపోయినా పరవాలేదు, గాలి గురించి చేత్తో చూపించి చెబుతారు. వద్దన్నారంటే వద్దనే, ఇంకొకరిని అడిగి చూద్దామని అనుకోవద్దు.

ఎవరు రావచ్చు

ట్రిప్‌కి వారం పది రోజుల ముందు కోవళం, ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్‌లో అందరినీ ఒకసారి దింపండి. అక్కడ అల ఉండదు. ఒక్కొక్కరూ కావాలనే బోల్తా పడి, బయటికి వచ్చి, తెడ్డు వదలకుండా పట్టుకుని, మళ్ళీ కయాక్ ఎక్కాలి. సాయం తీసుకోవచ్చు, కానీ ఎక్కాలి. స్ప్రే స్కర్ట్ (కూర్చునే చోట నీళ్ళు పడకుండా నడుము చుట్టూ మూసే గుడ్డ) వేసుకునే మూసిన కయాక్ అయితే తలకిందులుగా ఉండి ముందుకి వంగి, స్కర్ట్ ముందున్న పట్టీని ముందుకి లాగి, తొడలు వదిలి బయటికి జారడం రావాలి. ఆ పట్టీ స్కర్ట్ లోపలికి మడతపడిపోకుండా, బయటికి కనిపించేలా ఉందో లేదో ప్రతిసారీ ఇంకొకరు చూడాలి. ఇది చెయ్యనివాళ్ళు ఎంత మంచి స్నేహితులైనా, ఎంత బాగా ఈదినా, సముద్రం ట్రిప్‌కి రాకూడదు. "నాకు ఈత వచ్చు కదా" అనేవాళ్ళే ఎక్కువ వాదిస్తారు. ఈత వచ్చినవాడు కయాక్ వదిలేసి ఒడ్డుకి ఈదడం మొదలుపెడతాడు, అసలు భయం అదే.

ప్రతి ముగ్గురు నలుగురు కొత్తవాళ్ళకి ఒక అనుభవం ఉన్న మనిషి ఉండాలి. అలా కుదరకపోతే పేర్లు తగ్గించండి, మొహమాటపడకండి.

సామాను

కయాక్ సంగతి: ఒడ్డు దగ్గర ఆడుకోవడానికి పైన కూర్చునే పొట్టి ప్లాస్టిక్ కయాక్ బాగానే ఉంటుంది, బోల్తా పడితే ఎక్కడమూ తేలిక. 20 కిలోమీటర్లకి మాత్రం 14 అడుగుల పైన పొడవుండి, ముందూ వెనకా నీరు చొరని అరలున్నది కావాలి. అరల మూతలు సరిగా పట్టాయో లేదో ఇంటి దగ్గరే బకెట్ నీళ్ళు పోసి చూసుకోండి. చుట్టూ పట్టుకోవడానికి తాడు ఉండాలి, తడిసిన కయాక్‌ని చేతులతో పట్టుకోలేరు.

లైఫ్ జాకెట్ అంటే బోటు షికారులో ఇచ్చే నారింజ రంగు థర్మోకోల్ దిమ్మలు కాదు, అవి చేతులు తిప్పనివ్వవు. భుజాల దగ్గర ఖాళీగా, పక్కన పట్టీలు బిగించుకునేలా ఉండాలి. బిగించాక ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి, చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. జాకెట్‌కి విజిల్ కట్టి ఉండాలి. గుంపుకి మొత్తం మీద నీళ్ళు తోడే చేతి పంపులు రెండు, లాగడానికి 15 మీటర్ల తాడు నడుముకి కట్టుకునే సంచీతో, దాన్ని కోయడానికి కత్తి, అదనపు తెడ్డు ఒకటి. తాడు ఉన్నవాళ్ళ దగ్గర కత్తి తప్పనిసరి, వలలో చిక్కుకున్నా అదే దిక్కు.

మన నీళ్ళు వెచ్చగా ఉంటాయి, చలికి వణికే దేశాల వాళ్ళు రాసిన జాగ్రత్తలు ఇక్కడ సగం పనికిరావు. ఇక్కడ పడేసేది ఎండ. పొడుగు చేతుల బట్టలు, మెడ కప్పే టోపీ, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. తిండికి నిమ్మకాయ పులిహోర బాగా ఆగుతుంది, వేరుశనగ చిక్కీ, అరటిపళ్ళు. పెరుగన్నం తేవద్దు, నాలుగు గంటలు ఎండలో మూసి ఉంచిన అరలో దాని గతి చెప్పక్కర్లేదు.

ఫోన్ నీరు చొరని సంచీలో, జాకెట్‌కి కట్టి. ఈ తీరం వెంట, ఒడ్డుకి దగ్గరగా ఉన్నంతసేపూ సిగ్నల్ మామూలుగా దొరుకుతుంది. విదేశాల నుంచి వచ్చిన స్నేహితులు శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరాలు తెస్తామంటే వద్దని గట్టిగా చెప్పండి, మన దేశంలో అనుమతి లేకుండా వాటిని దగ్గర ఉంచుకుంటే కేసు పెడతారు.

ఒడ్డున ఒక మనిషి

గుంపులో లేని ఒకరికి, ఇంట్లోవాళ్ళైనా సరే, కాగితం మీద ఇవి రాసివ్వండి: ఎంతమంది, కయాక్‌ల రంగులు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి చేరతాం, ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి. ఆఖరిదే ముఖ్యం. 1554 కోస్ట్ గార్డ్, 1093 తీర భద్రతా పోలీసులు. "పన్నెండున్నరకి నా నుంచి ఏమీ రాకపోతే 1554కి చెయ్యి" అని సమయంతో చెప్పాలి, "కాస్త చూసి చెయ్యి" అంటే ఆ మనిషి సాయంత్రం దాకా చూస్తూనే ఉంటాడు. బయలుదేరే ఊళ్ళోనూ, చేరే ఊళ్ళోనూ జాలరి పెద్దలకి ముందు రోజే ఒక మాట చెప్పండి. ఒడ్డు వాళ్ళది, పడవలు పెట్టే చోటు, వలలు ఆరేసే చోటు వాళ్ళే చూపిస్తారు. రేపు నిజంగా ఏమైనా అయితే కోస్ట్ గార్డ్ కంటే ముందు వచ్చేది వాళ్ళ పడవే.

బయలుదేరడం

ఇసుక మీద పది నిమిషాలు మాట్లాడండి. ఎవరు ముందు, ఎవరు ఆఖరు, ఎక్కడ ఆగుతాం, సైగలు ఏంటి. తెడ్డు నిటారుగా ఎత్తితే నా వైపు రండి, రెండు చేతులతో అడ్డంగా తల పైకి ఎత్తితే ఆగండి, విజిల్ ఒకసారి అంటే ఇటు చూడండి, మూడుసార్లు అంటే ప్రమాదం. ఇంతకంటే ఎక్కువ నేర్పితే ఒక్కటీ గుర్తుండదు.

తర్వాత అలలని చూడండి. పెద్దవి నాలుగైదు కలిసి వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి. ఆ చిన్నవి మొదలవగానే ఒక్కొక్కరినీ నెట్టాలి, ముక్కు అలకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. నీళ్ళలోకి వచ్చాక ఆగకూడదు, అల వస్తుంటే ముందుకి వంగి ఇంకా గట్టిగా తెడ్డు వేయాలి, భయపడి వెనక్కి వాలారంటే అల తీసుకొచ్చి ఒడ్డునే దింపుతుంది. అనుభవం ఉన్న ఒకరు మొదట వెళ్ళి అలలు విరిగే గీతకి అవతల నిలబడతారు, ఇంకొకరు ఒడ్డున ఉండి అందరినీ పంపాక ఆఖర్న వస్తారు.

నీళ్ళ మీద

అందరికంటే నెమ్మదిగా వచ్చేవాళ్ళ వేగమే గుంపు వేగం. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే ఆఖరి మనిషి ముఖం కనిపించాలి. కనిపించలేదంటే ఆగాలి. ఆగినప్పుడు ఆఖరివాళ్ళు వచ్చి చేరగానే ముందువాళ్ళు బయలుదేరిపోతారు, ఈ పాడు అలవాటు ప్రతి క్లబ్బులోనూ ఉంది. వెనకొచ్చినవాళ్ళు నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకున్నాకే కదలండి.

పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య పడవలు వేట నుంచి తిరిగొస్తాయి. కయాక్ ఎత్తు నీటికి జానెడు, తూర్పు నుంచి ఎండ, వాళ్ళకి మీరు కనిపిస్తారని అనుకోవద్దు. గుంపంతా దగ్గరగా చేరి, వాళ్ళు పోయేదాకా ఆగండి. నీళ్ళ మీద థర్మోకోల్ ముక్కలు, జెండా కట్టిన కర్రలు వరసగా తేలుతుంటే అది వల, రెండు జెండాల మధ్య నుంచి దూరిపోవద్దు, చివరిదాకా వెళ్ళి తిరిగి రండి. ఒడ్డున పదీ ఇరవై మంది తాడు లాగుతూ కనిపిస్తే అది అలివి వల. తాడు ఒడ్డు నుంచి బయలుదేరి చాలా దూరం లోపలికి పోయి మళ్ళీ ఒడ్డుకే వస్తుంది. దాని బయటి నుంచి చుట్టి వెళ్ళాలి, ఎంత దూరమైనా సరే. వాళ్ళ పూట సంపాదన అది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒడ్డు దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు తల పైకెత్తి గాలి పీల్చుకుంటూ కనిపిస్తాయి, గుడ్లు పెట్టడానికి వచ్చినవి. తెడ్డు ఆపి చూడండి, వెంటపడకండి.

ఎవరైనా బోల్తా పడితే

దగ్గరున్న ఒకరే వెళ్ళాలి, అందరూ కాదు. మిగతావాళ్ళు ఆఖరి మనిషి దగ్గర గుంపుగా నిలబడాలి, లేకపోతే చూస్తూ చూస్తూ ఇంకొకరు పడతారు. పడ్డ మనిషి ఒక చేత్తో కయాక్, ఇంకో చేత్తో తెడ్డు పట్టుకుని ఉండాలి. సాయానికి వచ్చినవాళ్ళు పడిన కయాక్ ముక్కు దగ్గరికి అడ్డంగా వచ్చి, దాన్ని తమ కయాక్ మీదికి లాగి, నీళ్ళు కారిపోయాక తిప్పి, రెండు కయాక్‌లని పక్కపక్కన ఎదురెదురు దిక్కులకి పెట్టి గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు పడ్డవాళ్ళు వెనక వైపు నుంచి పొట్ట మీద ఎక్కి, కాళ్ళు లోపలికి తోసి, తిరిగి కూర్చోవాలి. మిగిలిన నీళ్ళు పంపుతో తోడాలి. ముట్టుకాడులో సాధన చేసి ఉంటే ఇదంతా మూడు నిమిషాల పని.

ఎక్కించాక "బాగున్నావా" అని అడక్కండి, అందరూ బాగున్నామనే అంటారు. ఒక పని చెప్పి చూడండి, తెడ్డు సరిగా పట్టుకోలేకపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, తాడు కట్టి దగ్గర్లో గుర్తు పెట్టుకున్న చోట ఒడ్డెక్కించేయండి. అక్కడితో ట్రిప్ అందరికీ అయిపోయినట్టే, ఇద్దరిని వదిలి మిగతావాళ్ళు ముందుకి పోవడం ఉండదు. జెల్లీ ఫిష్ కుడితే రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు, సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో మెల్లగా తీసేయండి. ఊపిరి ఇబ్బంది అంటే మాత్రం నేరుగా ఒడ్డు, 108.

ఒడ్డెక్కడం

ప్లాన్ మొదలుపెట్టిన చోటుకి వచ్చాం. ఈ చివరి 50 మీటర్లలోనే ఎక్కువ దెబ్బలు తగులుతాయి, ఎందుకంటే అందరూ అలిసిపోయి ఉంటారు, ఒడ్డు కనిపిస్తుంటుంది, ఆకలేస్తుంటుంది. అలలు విరిగే గీతకి అవతలే గుంపంతా ఆపండి. అక్కడి నుంచి చూస్తే అలల వీపులే కనిపిస్తాయి, అవి నిజంగా ఉన్నదానికంటే చిన్నవిగా అనిపిస్తాయి, మోసపోవద్దు. టోపీ తాళ్ళు, కళ్ళజోళ్ళు, వదులుగా ఉన్న సీసాలు అన్నీ అరల్లోకి వెళ్ళాలి.

మీరు ముందు వెళ్ళి ఒడ్డెక్కండి. ఇసుక మీద నిలబడి, తెడ్డు నిటారుగా ఎత్తినప్పుడు ఒక్కరే రావాలి, అడ్డంగా పట్టుకుంటే అక్కడే ఆగాలి. పెద్ద అలల వరస పోయాక, ఆఖరి అల తమ కింద నుంచి దాటిపోగానే దాని వీపు వెనకే గట్టిగా తెడ్డు వేస్తూ రావాలి. ముందు అలని దాటి పోకూడదు, వెనక అలకి దొరక్కూడదు. దొరికారంటే కయాక్ అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు సహజంగా ఒడ్డు వైపు వాలబుద్ధి అవుతుంది, అటు వాలారంటే బోల్తానే. అల వస్తున్న వైపుకి వాలి, ఆ నురగ మీదే తెడ్డు ఆనించాలి, అలాగే అడ్డంగా ఒడ్డుకి జారుకుంటూ వచ్చేస్తారు.

మోకాలి లోతుకి రాగానే సముద్రం ఉన్న వైపే దిగాలి. కయాక్‌కీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ, ఎవరూ, సాయానికి వచ్చినవాళ్ళు కూడా, నిలబడకూడదు. నీళ్ళు నిండిన కయాక్ బరువు పాతిక కిలోలు కాదు, రెండు మూడు వందల కిలోలు, ఒక్క చిన్న అల దాన్ని మీ కాళ్ళ మీదికి తోస్తే మోకాలు విరుగుతుంది. కొత్తవాళ్ళ చేత దిగేముందు ఇదొక్కటి రెండుసార్లు చెప్పించుకోండి.

అక్కడి అల ఆ రోజు బాగోలేదనిపిస్తే ముందుకో వెనక్కో వెళ్ళి రెండో చోట ఎక్కండి. కారు తెప్పించుకోవడానికి గంట పడుతుంది, అంతే.

ఆ తర్వాత

మొదటి ఫోన్ ఒడ్డున ఉన్న మనిషికి, టిఫిన్ ఆర్డర్ చెయ్యకముందే. రెండోది బయలుదేరిన ఊరి పెద్దకి. కయాక్‌లు, జాకెట్లు, పంపులు అదే రోజు మంచినీళ్ళతో కడగాలి, తెడ్డు రెండు ముక్కలదైతే విడదీసి కడగాలి, లేకపోతే ఉప్పు పట్టి మళ్ళీ ఊడదు. జాకెట్లు నీడలో ఆరేయండి, అరల మూతలు తీసి ఉంచండి. విరిగినవి, చిరిగినవి ఎవరికి ఏం జరిగిందో గుర్తున్నప్పుడే రాసిపెట్టండి. పెట్రోలు, టోలు, అద్దె కయాక్‌ల లెక్క ఆ రాత్రికే గ్రూపులో పెట్టేయండి, వారం దాటితే బెంగళూరు వాళ్ళ దగ్గర వసూలు చెయ్యడం మీ వల్ల కాదు.